1 మైక్రోసెకను ఎల్‌ఈడీ ఫ్లాష్ పెట్టాను, అయినా బొట్టు అంచు సాగుతోంది. తప్పెక్కడ?

#1 నీటిబొట్టు

అందరికీ నమస్కారం. మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో (వెంట్రుకంత సన్న కాలువలున్న చిప్), నూనెలో కదిలే నీటి బొట్లను ఫోటోలు తీస్తున్నాను. హైస్పీడ్ కెమెరా కొనే స్తోమత లేదు. మామూలు కెమెరాకే బాగా పొట్టి ఫ్లాష్ ఇచ్చి కదలికను ఆపేద్దామని మొదలుపెట్టా.

నా సరంజామా ఇదీ. ఛానల్ వెడల్పు 100 మైక్రాన్లు, లోతు కూడా అంతే. నూనె, నీరు కలిపి గంటకు 18 మిల్లీలీటర్లు పంపు చేస్తున్నా, అంటే లెక్క ప్రకారం సెకనుకు అర మీటరు వేగం. మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ 10ఎక్స్, ఎన్‌ఏ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో వెలుగు తీసుకుంటుందన్న కొలత) 0.25. కెమెరాలో ఐఎంఎక్స్296 సెన్సర్ (గ్లోబల్ షట్టర్, అంటే పిక్సెళ్లన్నీ ఒకేసారి తెరుచుకునే రకం, నలుపు తెలుపు, పిక్సెల్ 3.45 మైక్రాన్లు). లైటు కోసం 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ, దాన్ని వెలిగించి ఆర్పే స్విచ్చుగా ఒక లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్, ఆ స్విచ్చును నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు ఆర్డ్యుయినో ఊనో. కెమెరా ఎక్స్‌పోజర్ మొదలవగానే స్ట్రోబ్ సిగ్నల్ ఇస్తుంది. ఊనో అది చూసి పిన్నును పైకి లేపి, 1 మైక్రోసెకను ఆగి, కిందికి దించుతుంది. ఎక్స్‌పోజర్ 5 మిల్లీసెకన్లు.

బాధలు మూడు. బొట్టు అంచు కదిలే దిశలో సుమారు 9 పిక్సెళ్లు సాగుతోంది. రెండు వందల ఫ్రేముల్లో ఒకటి మరీ ఘోరంగా, దానికి రెట్టింపు సాగుతోంది. ఇక ప్రతి ఫ్రేములోనూ పొగమంచు పట్టినట్టు బూడిద రంగు పొర ఉంటోంది. ఇవి కాక, వెలుతురు కూడా చాలడం లేదు. ఎల్‌ఈడీలు ఇంత వేగంగా ఆరవేమో అనిపిస్తోంది. జినాన్ ఫ్లాష్‌కి మారాలా?

#2 టంకంపొగ

పాపం ఎల్‌ఈడీని ఎందుకు అంటారండీ! మామూలు నీలం ఎల్‌ఈడీ చిప్ పదుల నానోసెకన్లలో వెలిగి ఆరిపోగలదు. ఆలస్యమంతా దాని చుట్టూ మనం కట్టిన సరంజామాదే. చిన్న జినాన్ ట్యూబు వెలుగే చాలాసార్లు కొన్ని మైక్రోసెకన్లు ఉంటుంది, ఆపైన తోక. పైగా అది పేలిన ప్రతిసారీ పక్కనున్న మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. నేను ఆ ముచ్చట తీర్చుకునే ఇటు వచ్చాను.

ఎల్‌ఈడీకి, మాస్‌ఫెట్‌కి మధ్య వైర్లు ఎంత పొడవున్నాయి? ఫోటో పెట్టండి.

#3 62పాయింట్5

మీ బొట్టు ఫోటోలోనే జవాబుంది. 10ఎక్స్ దగ్గర ఒక పిక్సెల్ అంటే వస్తువు మీద 0.345 మైక్రాన్లు. 9 పిక్సెళ్లంటే 3.1 మైక్రాన్లు. దాన్ని సెకనుకు అర మీటరుతో భాగిస్తే 6.2 మైక్రోసెకన్లు. అంటే మీరు 1 అనుకున్న పల్స్ నిజానికి ఆరు. ఓసిలోస్కోప్ లేకపోయినా సాగుడు పొడవే కొలత చెబుతోంది.

ఎందుకంటే పిన్ను లేపి దించడానికి మీరు ఆర్డ్యుయినో వాళ్ల డిజిటల్‌రైట్ ఫంక్షన్ వాడారు, ఔనా? ఊనోలో ఆ ఒక్క ఫంక్షన్‌కే మూడు నాలుగు మైక్రోసెకన్లు పడుతుంది. పిన్ను నంబరును పోర్టుగా మార్చుకుని, ఆ పిన్ను మీద పీడబ్ల్యూఎం (టైమర్ నడిపే పల్స్‌లు) ఉందేమో చూసుకుని, అప్పుడు గానీ అసలు పని చేయదు. దానికి మీ 1 మైక్రోసెకను కలిస్తే ఐదుకు అటూ ఇటూ.

రెండో బాధ కూడా అక్కడిదే. ఊనోలో టైమర్0 ప్రతి 1.024 మిల్లీసెకన్లకు ఒక ఇంటరప్ట్ వేస్తుంది, అంటే నడుస్తున్న పనిని ఆపి వేరే చిన్న పని చేయిస్తుంది (మిల్లీసెకన్లు లెక్కపెట్టే మిల్లిస్ ఫంక్షన్ నడిచేది దానితోనే). అది సరిగ్గా మీ పల్స్ మధ్యలో పడితే, ఆ పని ముగిసేదాకా ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది. 5 మైక్రోసెకన్ల పల్స్ 1024 మైక్రోసెకన్లకు ఒకసారి వచ్చే దానితో ఢీకొనే అవకాశం రెండు వందల్లో ఒకటి. మీరు చెప్పిన సంఖ్యే.

విరుగుడు: ఇంటరప్ట్‌లు ఆపేసి, పోర్టు బిట్‌ను నేరుగా లేపి దించండి. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక క్లాక్ 62.5 నానోసెకన్లు (నా పేరు అక్కడి నుంచే వచ్చింది). బిట్ లేపడానికి, దించడానికి ఒక్కోదానికి రెండు క్లాకులు. మధ్యలో 14 నాప్‌లు (ఏమీ చేయకుండా ఒక్క క్లాకు గడిపే ఆజ్ఞలు) పెడితే సరిగ్గా 1 మైక్రోసెకను. ఇంకా శుభ్రంగా కావాలంటే టైమర్1ని ఒక్కసారి పేలే పద్ధతిలో పెట్టుకోవచ్చు, కానీ ముందు ఇది చేసి చూడండి.

#4 నీటిబొట్టు

డిజిటల్‌రైట్ వాడిన మాట నిజం. అది అంత నెమ్మదని కలలో కూడా అనుకోలేదు! రాత్రికి మార్చి చెబుతా. వైర్లు ఒక్కోటి 20 సెంటీమీటర్లు ఉంటాయి, బ్రెడ్‌బోర్డు మీద ఉంది సర్క్యూట్.

#5 టంకంపొగ

20 సెంటీమీటర్లు! అదీ బ్రెడ్‌బోర్డు మీద! సరే, ఊపిరి పీల్చుకుని చెబుతా.

విడివిడిగా వేలాడే వైరుకు మిల్లీమీటరుకు దాదాపు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం) వేసుకోండి. పోనూ రానూ కలిపి మీకు 200కి తక్కువ ఉండదు, 400 దాకా పోవచ్చు. కరెంటు ఎంత వేగంగా పెరుగుతుందన్నది ఆ ఇండక్టెన్స్‌ను లూప్‌లోని రెసిస్టెన్స్‌తో భాగిస్తే తెలుస్తుంది. 200 నానోహెన్రీలు, 1.7 ఓమ్‌లు అయితే టైమ్ కాన్‌స్టంట్ 118 నానోసెకన్లు. 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కడానికి దానికి 2.2 రెట్లు, అంటే 260. పల్స్‌లో పావు వంతు ఎక్కడానికే పోయింది.

అందుకే రెండు పనులు. ఒకటి, కెపాసిటర్, ఎల్‌ఈడీ, రెసిస్టర్, మాస్‌ఫెట్ నాలుగూ బొటనవేలి గోరంత చోటులో ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా టంకం పెట్టాలి. సిగ్నల్ వైరు ఎంత పొడవున్నా ఫర్వాలేదు, కరెంటు లూప్ మాత్రం చిన్నదిగా ఉండాలి. రెండు, వోల్టేజీ ఎక్కువ పెట్టి సిరీస్ రెసిస్టర్ పెద్దది వాడాలి. 24 వోల్టులు, 10 ఆంపియర్ల దగ్గర ఎల్‌ఈడీ మీద ఓ 5 నుంచి 7 వోల్టులు పోతాయనుకుంటే రెసిస్టర్ 1.7 నుంచి 1.9 ఓమ్‌లు. 6.8 ఓమ్‌లవి నాలుగు పక్కపక్కన ప్యారలల్‌గా పెడితే 1.7. వైరు చుట్టిన రెసిస్టర్ మాత్రం వద్దు, అదే ఒక కాయిల్.

ఊనో పిన్ను నేరుగా మాస్‌ఫెట్ గేటును (స్విచ్చును తెరిచే కాలు) వేగంగా తోలలేదు. ఆ పిన్ను ఇచ్చేది పదుల మిల్లీఆంపియర్లు. గేటుకు 20 నానోకూలంబులు కావాలంటే 20 మిల్లీఆంపియర్లతో ఒక మైక్రోసెకను పడుతుంది. అంటే మీ పల్స్ అంతా గేటు నిండటానికే సరి! మధ్యలో టీసీ4427 లాంటి గేట్ డ్రైవర్ పెట్టండి. 1.5 ఆంపియర్లు తోసేస్తుంది, పదీ పదిహేను నానోసెకన్లలో గేటు తెరుచుకుంటుంది.

#6 కొత్త_కన్ను

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. 3 వాట్ల ఎల్‌ఈడీకి 10 ఆంపియర్లా? 700 మిల్లీఆంపియర్లు దాటితే మాడిపోతుందని దాని కాగితంలో ఉంటుంది కదా?

#7 పాతస్కోపు

బాబూ, ఆ 700 ఎడతెరిపి లేకుండా వెలిగించినప్పటి మాట. మాడ్చేది వేడి. 10 ఆంపియర్లు, ఓ 6 వోల్టులు, 1 మైక్రోసెకను అంటే పల్స్‌కు 60 మైక్రోజౌళ్లు. సెకనుకు 30 పల్స్‌లైతే సగటున 1.8 మిల్లీవాట్లు. ఎల్‌ఈడీకి వెచ్చదనం కూడా తెలియదు. కదిలే ద్రవాల వేగం కొలిచేవాళ్లు ఈ దారి ఎప్పుడో తొక్కారు. 2010లోనే జర్మన్ ఏరోస్పేస్ కేంద్రం పరిశోధకులు ఎల్‌ఈడీలను ఇలా రేటింగ్‌కు ఎన్నో రెట్లు తోలి ప్రవాహాల చిత్రాలు తీసి, వివరంగా ప్రచురించారు.

కానీ లాభం లెక్కకు తగ్గట్టు రాదు. కరెంటు పది రెట్లు పెంచితే వెలుగు పది రెట్లు పెరగదు. గాలియం నైట్రైడ్ ఎల్‌ఈడీల్లో కరెంటు సాంద్రత పెరిగేకొద్దీ సామర్థ్యం పడిపోతుంది, ఆకుపచ్చవాటిలో మరీను. రంగు కూడా కాస్త నీలం వైపు జరుగుతుంది. చిప్ మీదికి సన్న బంగారు తీగలున్న రకమైతే ముందు తెగేది ఆ తీగే. తీగలు లేకుండా చిప్‌ను బోర్లించి అతికించే ఫ్లిప్ చిప్ రకం మేలు. కరెంటు మెల్లిగా పెంచుతూ, వెలుగు పెరగడం ఎక్కడ మందగిస్తే అక్కడ ఆగండి.

#8 రాత్రిడ్యూటీ_ల్యాబ్

ఎలక్ట్రానిక్స్ వాళ్లంతా ఒకవైపు పరుగెడుతున్నారు, నేను మైక్రోస్కోప్ వైపు నుంచి ఒక మాట. అసలు ఎంత పొట్టి పల్స్ కావాలో ఎవరూ అడగలేదు.

10ఎక్స్, 0.25 ఎన్‌ఏ ఆబ్జెక్టివ్ ఆకుపచ్చ వెలుగులో విడదీయగలిగేది సుమారు 1.3 మైక్రాన్లు (0.61 × 0.53 ÷ 0.25). సాగుడు అంతకన్నా బాగా తక్కువైతే ఇక కంటికి తేడా తెలియదు. అర మీటరు వేగానికి 1 మైక్రోసెకను అంటే అర మైక్రాను. అది చాలు. పిక్సెల్ కన్నా తక్కువ ఉండాలని 100 నానోసెకన్ల దాకా వెళ్లేవాళ్లను చూశాను, వాళ్లు చేసిందల్లా ఉన్న వెలుగులో పదో వంతు మిగుల్చుకోవడం.

ఎందుకంటే ఇక్కడ కరువు ఫోటాన్లకే. 350 మిల్లీఆంపియర్లతో 1 మిల్లీసెకను వెలిగిస్తే 350 మైక్రోకూలంబులు. 10 ఆంపియర్లతో 1 మైక్రోసెకను అంటే 10. ముప్పై ఐదో వంతు, పైన చెప్పిన తరుగు వేరే. కాబట్టి పల్స్‌ను అవసరానికి మించి కోయకండి.

నాకు అనుమానంగా ఉన్నది మీ మూడో బాధ, ఆ పొగమంచు. ఎల్‌ఈడీ వైరు పీకేసి ఒక ఫ్రేము తీయండి. నల్లగా వస్తే గది వెలుతురు కాదన్నట్టు. తర్వాత ఫ్లాష్ పేలిన 50 మైక్రోసెకన్లకు ఎక్స్‌పోజర్ మొదలయ్యేలా పెట్టి ఇంకో ఫ్రేము తీయండి. ఏమొచ్చిందో చెప్పండి.

#9 పొదుపరి

ఇంత తలనొప్పి ఎందుకు, లేజర్ డయోడ్ పెట్టుకోండి. నానోసెకన్లలో పని, వెలుగు కూడా దండిగా.

#10 రాత్రిడ్యూటీ_ల్యాబ్

పెట్టి చూడండి, బొట్టు అంచు బదులు ఇసుక చల్లినట్టు స్పెకిల్ కనిపిస్తుంది. కొహెరెన్స్ (లేజర్ తరంగాలన్నీ ఒకే లయలో ఉండటం) చెడగొట్టడానికి తిరిగే డిఫ్యూజర్ పెడదామంటే, 1 మైక్రోసెకనులో అది ఎంత తిరుగుతుంది? ఎల్‌ఈడీకున్న పెద్ద సుగుణం ఈ స్పెకిల్ లేకపోవడమే.

#11 నీటిబొట్టు

రిపోర్టు. పోర్టు బిట్ పద్ధతి, టీసీ4427, చిన్న బోర్డు మీద టంకం పెట్టిన లూప్, మూడూ చేశాను. సాగుడు 9 పిక్సెళ్ల నుంచి 2కు పడింది! మూడు వేల ఫ్రేములు తిప్పి చూశా, ఒక్కటి కూడా ఘోరంగా సాగలేదు. 62పాయింట్5 గారూ, మీకు దండం.

పొగమంచు మాత్రం అలాగే ఉంది. వైరు పీకితే ఫ్రేము పూర్తిగా నల్లన. ఫ్లాష్ తర్వాత 50 మైక్రోసెకన్లకు మొదలుపెట్టినా మసక వెలుగు వస్తూనే ఉంది! మాస్‌ఫెట్ ఆగడం లేదేమో?

#12 పాతస్కోపు

మాస్‌ఫెట్ ఆగింది, ఆరనిది ఫాస్ఫర్. తెల్ల ఎల్‌ఈడీలో అసలు చిప్ నీలమే. దాని మీద పూసిన ఫాస్ఫర్ నీలాన్ని మింగి పసుపు, ఎరుపు కక్కుతుంది, తన తీరుబడిని బట్టి. సీరియం కలిపిన యాగ్ పసుపు ఫాస్ఫర్ పర్వాలేదు, 60, 70 నానోసెకన్లలో సద్దుమణుగుతుంది. యూరోపియం ఉన్న ఎర్ర ఫాస్ఫర్లు మైక్రోసెకను ఆ ప్రాంతం. రంగులు బాగా కనబడాలని కొన్నిటిలో మాంగనీసు కలిపిన ఫ్లోరైడ్ ఎర్ర ఫాస్ఫర్ వేస్తారు. దాని తోక మిల్లీసెకన్లలో ఉంటుంది! మీది అదే అయ్యుండాలి. అన్ని మిల్లీసెకన్లలో బొట్టు మిల్లీమీటర్ల దూరం పోతుంది, మీ ఫ్రేము వెడల్పే అర మిల్లీమీటరు. అందుకే అది తోకలా కాకుండా ఫ్రేమంతా పరుచుకున్న బూడిద పొరలా కనిపిస్తోంది.

ఇంటి దీపానికి ఎంత మంచి ఎల్‌ఈడీయో మన పనికి అంత చెడ్డది. ఫాస్ఫర్ లేని ఒంటి రంగు ఎల్‌ఈడీ తెచ్చుకోండి, నీలమో ఆకుపచ్చో. అంబర్, లైమ్ రంగుల దగ్గర జాగ్రత్త, వాటిలో చాలావాటికి లోపల నీలం చిప్ మీద ఫాస్ఫరే ఉంటుంది.

#13 కొత్త_కన్ను

వెలుగు చాలడం లేదు కదా, 100 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ (ఒకే పళ్లెం మీద బోలెడు చిప్‌లున్నది) పెడితే ఒక్క దెబ్బకు సరిపోదా?

#14 రాత్రిడ్యూటీ_ల్యాబ్

అందరం ఒకసారి చేసే తప్పే ఇది, నేనూ చేశాను. ఈ కెమెరా చూసే చోటు వస్తువు మీద 0.5 మి.మీ. × 0.38 మి.మీ. మాత్రమే. ఆబ్జెక్టివ్ తీసుకునే కోణం 0.25 ఎన్‌ఏకే పరిమితం. ఆ చోటులో, ఆ కోణంలో పడని వెలుగు ఎంత ఉన్నా దండగ. సీఓబీ వెలుగంతా రెండు సెంటీమీటర్ల పళ్లెంలో పరుచుకుని ఉంటుంది, ఏ లెన్సూ దాన్ని అర మిల్లీమీటరులోకి ఆ కోణంలో కుదించలేదు. మనకు కావాల్సింది మొత్తం వెలుగు కాదు, చదరపు మిల్లీమీటరుకు ఎంత వెలుగన్నది. 1 మి.మీ. చిప్‌ను గట్టిగా తోలడమే దారి. పైగా సీఓబీలో చిప్‌లు వరసగా సిరీస్‌లో ఉంటాయి, వోల్టేజీ ఎక్కువ కావాలి, ఆపైన మళ్లీ ఫాస్ఫర్.

చిప్ బొమ్మ కండెన్సర్ (వస్తువు మీదికి వెలుగు పంపే లెన్సు) అపర్చర్ మీద పడేలా కోహ్లర్ పద్ధతిలో అమర్చుకోండి. 1893లో ఆగస్ట్ కోహ్లర్ గ్యాస్ దీపానికి చెప్పింది ఎల్‌ఈడీకీ అంతే పనికొస్తుంది. ఎల్‌ఈడీ ముందు సుద్దలాంటి డిఫ్యూజర్ ఉంటే తీసేయండి, సగం వెలుగు అదే తాగుతుంది.

#15 టంకంపొగ

ఒంటి రంగు ఎల్‌ఈడీ పెట్టేముందు ఒక్క మాట వినండి, లేకపోతే నాలా ఏడుస్తారు. నా మొదటి బోర్డులో మైక్రోకంట్రోలర్‌లోకి ప్రోగ్రాం ఎక్కిస్తుండగా పిన్ను పైకీ కిందికీ కాకుండా గాలిలో తేలింది. మాస్‌ఫెట్ తెరుచుకుంది. 12 ఆంపియర్లు. చిన్న టిక్ శబ్దం, నీలం మెరుపు, వాసన. సప్లైకి కరెంట్ లిమిట్ పెట్టాను కదా అని ధీమా. వెనకాల ఉన్న పెద్ద కెపాసిటర్ ఆ లిమిట్ మాట వినదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు డ్రైవర్ ఇన్‌పుట్‌కు, గేటుకు చెరో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండుకు వేస్తా. అసలు కాపలాదారు మాత్రం వేరు. 24 వోల్టుల సప్లై నుంచి కెపాసిటర్‌కు నేరుగా కాకుండా 1 కిలోఓమ్ గుండా ఇస్తా. మాస్‌ఫెట్ అలాగే తెరిచి ఉండిపోయినా ఎల్‌ఈడీకి దక్కేది 21 మిల్లీఆంపియర్లే. కెపాసిటర్ 22 మైక్రోఫారడ్‌లు. పల్స్‌కు పోయేది 10 మైక్రోకూలంబులు కాబట్టి వోల్టేజీ అర వోల్టు కూడా పడదు. సెకనుకు 30 పల్స్‌లకు సగటు 0.3 మిల్లీఆంపియర్లు, 1 కిలోఓమ్ మీద 0.3 వోల్టు నష్టం. అంతే ఖర్చు. ప్రోగ్రాంలో ఎన్ని తప్పులు రాసినా ఎల్‌ఈడీ బతుకుతుంది.

సెరామిక్ కెపాసిటర్ వాడితే పైన రాసిన విలువను నమ్మకండి. 24 వోల్టుల కింద వాటి విలువ సగానికి పైగా పడిపోవచ్చు. రెండు మూడు కలిపి పెట్టండి.

#16 పాతస్కోపు

మంచి సలహా. ఓసిలోస్కోప్ అరువు దొరికితే వెలుగును నేరుగా కొలవండి, కరెంటును కాదు. ఎస్‌ఎఫ్‌హెచ్213 లాంటి చిన్న ఫోటోడయోడ్, 20 వోల్టుల రివర్స్ బయాస్, 50 ఓమ్‌ల లోడు. ఐదారు నానోసెకన్ల దాకా నమ్మొచ్చు. పెద్ద చదరపు బీపీడబ్ల్యూ34ని 1 కిలోఓమ్‌తో వాడితే అదే 100 నానోసెకన్లు తీసుకుంటుంది, ఎల్‌ఈడీని అనవసరంగా తిడతారు.

తెర మీద అందమైన పల్స్ కనబడగానే సంబరపడకండి. ఫోటోడయోడ్‌కు నల్ల టేపు చుట్టి మళ్లీ చూడండి. పల్స్ ఇంకా ఉందంటే మీరు చూసింది వెలుగు కాదు, 10 ఆంపియర్ల లూప్ ప్రోబు గ్రౌండు వైరులోకి తోసిన రొద.

#17 62పాయింట్5

మీ వేగం లెక్క మీద నాకో సందేహం. పంపు ప్రవాహాన్ని ఛానల్ వైశాల్యంతో భాగించారు, అది సగటు. అచ్చు వేసిన ఛానల్ నిజంగా 100 మైక్రాన్లు ఉందని ఎవరు చెప్పారు? బొట్టు సగటు వేగంతోనే పోతుందని కూడా లేదు, గోడకు దూరంగా మధ్యలో పోయేది ఎక్కువ వేగంగా పోతుంది. ఒకే ఎక్స్‌పోజర్‌లో 200 మైక్రోసెకన్ల తేడాతో రెండు ఫ్లాష్‌లు వేయండి. బొట్టు రెండుసార్లు పడుతుంది, మధ్య దూరం కొలిస్తే అసలు వేగం వస్తుంది. కాంట్రాస్ట్ సగానికి పడిపోతుంది, అంచులు మాత్రం దొరుకుతాయి.

#18 కొత్త_కన్ను

నా కెమెరా రోలింగ్ షట్టర్‌ది (వరస తర్వాత వరస తెరుచుకునే రకం). నాకు ఇదంతా అక్కరకు రాదా?

#19 62పాయింట్5

వస్తుంది. గదిని పూర్తిగా చీకటి చేసి, ఎక్స్‌పోజర్‌ను సెన్సర్ వరసలన్నీ మొదలయ్యే సమయం కన్నా ఎక్కువ పెట్టండి. పైవరస మూసుకోకముందే, చివరి వరస తెరుచుకున్నాక ఫ్లాష్ కొట్టాలి. ఆ సందు తప్పితే ఫ్రేములో సగం నల్లగా వస్తుంది, అప్పుడు ఆలస్యాన్ని సరిచేసుకోవచ్చు.

#20 రాత్రిడ్యూటీ_ల్యాబ్

అడ్జస్ట్ చేసేటప్పుడు ఎల్‌ఈడీలోకి చూడొద్దని కూడా చెప్పాలి. సగటు వెలుగు తక్కువ కాబట్టి కంటికి మసకగా కనిపిస్తుంది, కంటిపాప కుంచించుకోదు. 365, 385 నానోమీటర్ల అతినీలలోహిత ఎల్‌ఈడీలైతే దాదాపు కనబడవు. సెకనుకు పది ఇరవై సార్లు మిణికే వెలుగు మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. అట్టపెట్టె మూత ఒకటి చేసి పెట్టుకోండి, గది వెలుతురు బాధ కూడా తీరుతుంది.

#21 నీటిబొట్టు

ఆకుపచ్చ ఎల్‌ఈడీ పెట్టాను. పొగమంచు మాయం! ఫ్లాష్ తర్వాత 50 మైక్రోసెకన్లకు తీసిన ఫ్రేము కటిక నలుపు. డిఫ్యూజర్ తీసేసి, కోహ్లర్ సరిచేశాక కెమెరా గెయిన్ (సిగ్నల్‌ను పెంచుకునే మోతాదు) సగానికి తగ్గించగలిగా. ప్రస్తుతం 8 ఆంపియర్ల దగ్గర ఆగాను, అంతకు మించి పెంచినా వెలుగు పెద్దగా పెరగడం లేదు.

రెండు ఫ్లాష్‌లు వేస్తే బొట్ల మధ్య దూరం 348 పిక్సెళ్లు వచ్చింది. అంటే 120 మైక్రాన్లు, వేగం సెకనుకు 0.6 మీటర్లు. నా లెక్క కన్నా ఐదో వంతు ఎక్కువ. ఆ వేగంతో మొదటి ఫోటోలో పల్స్ ఆరు కాదు, 5.2 మైక్రోసెకన్లు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. వరసగా వంద ఫ్రేములు కొలిస్తే వేగం ఒకేలా లేదు. 0.55 నుంచి 0.65 దాకా ఎక్కి దిగుతోంది, అదీ లయబద్ధంగా. ఫ్లాష్ టైమింగ్‌లో తేడానా?

#22 టంకంపొగ

క్రిస్టల్ మీద నడిచే ఊనో 200 మైక్రోసెకన్లలో అంత తప్పదు. మీ సిరింజి పంపులో స్టెప్పర్ మోటారు కదా, అడుగు అడుగుకీ తోస్తోంది. సన్న సిరింజి పెట్టండి, అదే ప్రవాహానికి మోటారు ఎక్కువ అడుగులు వేస్తుంది, ఊపు తగ్గుతుంది.

#23 నీటిబొట్టు

సన్న సిరింజి పెట్టా. 0.59 నుంచి 0.61. పంపు గొడవ వేరే థ్రెడ్‌లో మొదలుపెడతా.